ఎక్కడ తవ్వలేదో కూడా రాయండి

కలుషితమైన నేల గురించి ఏ రిపోర్టు తీసినా అందులో ఒక మ్యాపు ఉంటుంది. మట్టి తీయడానికి బోర్లు వేసిన చోట్ల చుక్కలు, చుక్కల పక్కన నంబర్లు, కింద ఒక పట్టిక, ఆ పట్టిక కింద "పరిమితికి లోబడే ఉంది" అని ఒక వాక్యం. చదివేవాళ్ల కళ్లు నేరుగా ఆ వాక్యం మీదికే పోతాయి. నా గొడవ మాత్రం చుక్కల మధ్య ఖాళీగా వదిలేసిన జాగా గురించి. అక్కడ బోరు ఎందుకు వేయలేదు, వేసిన చోట ఎంత లోతులో ఆపేశారు, ఏ పదార్థం కోసం అసలు వెతకనే లేదు, ఇవి రాయని రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే. ఆ మిగతా సగాన్ని కూడా రాసి, అందరికీ కనపడేలా పెట్టాలని చట్టమే చెప్పాలి.

నేను చెన్నైలో మట్టి పరీక్షల పనిలో ఉన్నాను. మాది నెల్లూరు జిల్లా, చదువు అయిపోయిన దగ్గర్నుంచీ ఇక్కడే. ఎక్కువగా అపార్ట్‌మెంట్ల పునాదుల కోసం, అప్పుడప్పుడు అంబత్తూరు, మణలి వైపు పాత ఫ్యాక్టరీ స్థలాల కోసం బోర్లు వేయిస్తుంటాం. అణు కేంద్రాల స్థలాల్లో పని చేయలేదు. అయినా మూతపడ్డ అణు కేంద్రాల కింద మట్టిని ఎలా వెతికారు అనే విషయం మీద దొరికినదంతా చదువుతాను. డబ్బుకీ, యంత్రాలకీ, నిపుణులకీ లోటు లేని చోట కూడా మట్టి ఎంత దాచేయగలదో అక్కడ తెలుస్తుంది కాబట్టి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున హ్యాన్‌ఫర్డ్ ఉంది. నాగసాకి మీద వేసిన బాంబుకి ప్లుటోనియం అక్కడ తయారైందే. 1980ల చివరికల్లా తయారీ ఆగిపోయింది, 1989లో శుభ్రం చేయడానికి ఒప్పందం కుదిరింది, ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది. అక్కడ 324 అనే నంబరున్న ఒక భవనం, నదికి సుమారు 300 మీటర్ల దూరంలో. లోపల మందపాటి కాంక్రీటు గదులు, మనిషి అడుగు పెట్టకుండా బయట నిలబడి యంత్రపు చేతులతో పని చేసేవి. 1986లో బి-సెల్ అనే గదిలో సీజియం, స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థాలు నిండిన ద్రవం సుమారు 500 లీటర్లు ఒలికింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాటాక, భవనాన్ని కూల్చడానికి సిద్ధం చేస్తున్నప్పుడు, గది నేల మీద పరిచిన స్టీలు రేకు దెబ్బతిందని తేలింది. 2010లో భవనం కింది మట్టిలోకి స్టీలు గొట్టాలు నెట్టి, వాటిలోకి రేడియేషన్ కొలిచే మీటర్లు దింపితే గంటకి 8,900 రాడ్‌ల రేడియేషన్ వచ్చింది. అలాంటి చోట కొన్ని నిమిషాలు నిలబడితే చాలు, మనిషి బతకడు.

అంత భయంకరమైనది అన్నేళ్లు ఎవరి కంటా పడకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఆ చుట్టుపక్కల భూగర్భజలాన్ని చూడటానికి బావులు ఉన్నాయి, నీళ్ల శాంపిళ్లు తీస్తూనే ఉన్నారు. కానీ భవనం పైన ఉన్నంతకాలం వాన నీళ్లు ఆ మట్టిలోకి దిగవు, నీళ్లు దిగకపోతే మట్టిని పట్టుకున్న సీజియం కిందికి కదలదు, కదలకపోతే బావిలో కనపడదు. అంటే బావి నీళ్లు శుభ్రంగా ఉన్నాయి అన్న మాటా నిజమే, భవనం కింద మృత్యువు ఉంది అన్న మాటా నిజమే. మొదటిది రిపోర్టులోకి ఎక్కింది, రెండోదాని జోలికి ఎవరూ పోలేదు. తర్వాత ఇంకా లోతుగా వెతికితే అది మొదట అనుకున్నదానికంటే ఎక్కువ మేర వ్యాపించిందని తెలిసింది, ప్లాన్లు మార్చుకోవాల్సి వచ్చింది.

సీజియం మట్టిని గట్టిగా పట్టుకుంటుందన్నది పుస్తకాల్లో ఉన్న సంగతే. అభ్రకం లాంటి ఖనిజాల అంచుల్లో అది ఇరుక్కుపోతుంది. హ్యాన్‌ఫర్డ్‌లో ద్రవ వ్యర్థాల కోసం భూమిలో పాతిన 177 ట్యాంకులు ఉన్నాయి, వాటిలో 149 ఒకే పొర గోడవి, వాటిలో చాలావాటికి లీకులు పడ్డాయి. అక్కడ భూగర్భజలం 60 నుంచి 90 మీటర్ల కింద ఉంటుంది, ఏడాదికి వాన 17-18 సెంటీమీటర్లే. అందుకే లీకైనది నీళ్ల దాకా పోదు, మధ్యలో మట్టే ఆపేస్తుంది అని చాలాకాలం ధీమాగా ఉన్నారు. 1990ల మధ్యలో ట్యాంకుల చుట్టూ ఉన్న పాత బోర్లలోకి గామా మీటర్లు దింపి చూస్తే ఒక ట్యాంకుల వరస దగ్గర సీజియం దాదాపు 40 మీటర్ల లోతులో కనిపించింది. ట్యాంకుల్లోంచి వచ్చింది మామూలు నీళ్లు కాదు, ముద్దలాంటి సోడియం లవణాల ద్రావణం. సీజియం కూర్చోవాల్సిన చోట్లన్నీ ఆ సోడియం ఆక్రమించుకుంటే సీజియం జారిపోతూ కిందికి దిగింది. పుస్తకంలో రాసింది తప్పు కాదు, ఆ మాట రాసినప్పుడు మనసులో ఉన్న నీళ్లు వేరు.

ఆ తర్వాత జరిగిన వాదన నాకు ఇంకా ముఖ్యం. అంత లోతులో కనిపించిన సీజియం నిజంగా మట్టిలోంచి వచ్చిందా, లేక బోరు వేసినప్పుడు గొట్టంతోపాటు పైనుంచి కిందికి ఈడ్చుకుపోయిందా అని నిపుణులు రెండుగా చీలిపోయారు. ఊరికే వచ్చిన సందేహం కాదది. మా పనిలో రోజూ ఉండే సమస్య. కలుషితమైన పొరలోంచి గొట్టాన్ని కిందికి తోస్తే దాని ఒంటికి అంటుకున్న బురద శుభ్రమైన పొరలోకి కూడా పోతుంది. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. పై పొరకీ కింది నీళ్లకీ మధ్య నీళ్లు దిగని బంకమట్టి పొర ఉంటే, దాన్ని చిల్లు పొడిచామంటే అప్పటిదాకా లేని దారి మనమే వేసినట్టు. అందుకే పద్ధతి ప్రకారం చేసేవాళ్లు ముందు పెద్ద కేసింగ్ (బోరు గోడకి రక్షణగా దింపే గొట్టం) దింపి పై పొరని మూసేసి, దాని లోపలినుంచి చిన్న కేసింగ్‌తో కిందికి వెళ్తారు, పని అయ్యాక బెంటోనైట్ అనే, తడిస్తే ఉబ్బే బంకమట్టితో బోరుని అడుగు నుంచి పైదాకా పూడ్చేస్తారు. ఇదంతా చేశారా లేదా అన్నది రిపోర్టులో ఉండాలి. చాలావాటిలో ఉండదు. చెన్నైలో మూత కూడా లేకుండా వదిలేసిన ఎండిపోయిన బోర్లు ఎన్ని ఉన్నాయో చూస్తుంటే, ఎంతమంది ఇళ్ల కింద ఇలాంటి దారులు తెరుచుకుని ఉన్నాయో అని నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

రేడియోధార్మిక మట్టితో ఇంకో చిక్కు ఉంది. మామూలు రిగ్గుతో తవ్వితే పైకి వచ్చే మట్టి కూడా ప్రమాదమే, పక్కన నిలబడ్డ కూలీలకి ముందు ప్రమాదం. అందుకని కొన్ని చోట్ల తవ్వకుండా, మొన మూసి ఉన్న స్టీలు గొట్టాన్ని నేరుగా నేలలోకి నెట్టి లోపల మీటరు దింపుతారు. సీజియం నుంచి వచ్చే గామా కిరణాలు స్టీలుని దాటుకుని మీటరుకి తగులుతాయి కాబట్టి అది దొరుకుతుంది. స్ట్రాన్షియం-90 వదిలేది బీటా కణాలు, గొట్టం గోడ దగ్గరే చాలావరకు ఆగిపోతాయి. ప్లుటోనియం వదిలే ఆల్ఫా కణాలని కాగితం ముక్క ఆపేస్తుంది. టెక్నీషియం-99 కూడా బీటానే, పైగా అది మట్టిని పట్టుకోకుండా నీళ్లతోపాటు నడిచిపోయే రకం, అర్ధాయువు రెండు లక్షల ఏళ్ల పైమాట. వీటిని పట్టుకోవాలంటే మట్టినో నీటినో పైకి తీసి, లాబ్‌లో రసాయనాలతో వేరు చేసి, ఓపిగ్గా లెక్కపెట్టాలి. కాబట్టి "మీటరు పెట్టి చూశాం, ఏమీ లేదు" అని ఎవరైనా అంటే, ఆ మీటరుకి ఏది వినపడుతుంది, ఏది వినపడదు అని అడగాల్సిందే. మీటరు మోగినా వెంటనే కంగారు పడక్కర్లేదు. ఏ మట్టిలోనైనా రేడియోధార్మికమైన పొటాషియం-40 ఉంటుంది, గత శతాబ్దపు బాంబు పరీక్షల సీజియం లోకమంతా పైపొరలో కొద్దికొద్దిగా పడి ఉంది, మన కల్పాక్కం, మణవాళకురిచ్చి తీరాల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం వల్ల థోరియం సహజంగానే ఎక్కువ. అందుకే ఏ పనీ జరగని చోట కూడా నాలుగు బోర్లు వేసి, ఆ నేల సహజ స్థితి ఏమిటో ముందు రాసుకోవాలి. అది రాసుకోకుండా తర్వాత వచ్చిన నంబరుని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

ఈ మధ్య మా కింది ఫ్లోర్‌లో ఉండే కావలి ఊరి ఆయన ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. ఊరివైపు వాళ్లమని నన్ను సొంత మనిషిలాగే చూస్తారు. పాత ఫ్యాక్టరీ స్థలంలో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో కొడుకు కోసం ఫ్లాట్ చూశారట. "సాయిల్ టెస్ట్ చేయించారంట అమ్మా, అంతా బాగుందంట, నువ్వొకసారి చూసి పెట్టు" అన్నారు. చూశాను. అది పునాది బలం కోసం చేసిన టెస్టు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టే పరీక్ష. భవనం కుంగదు అని చెప్తుంది, అంతవరకు ఆ రిపోర్టు బాగానే చేశారు. ఆ మట్టిలో క్రోమియం ఉందా, సీసం ఉందా, పాత నూనె ఉందా అన్నది అందులో ఒక్క ముక్క లేదు. "బాబాయ్, ఇది బరువు మోస్తుందా అని చూసిన పరీక్ష, విషం ఉందా అని ఎవరూ చూడలేదు" అంటే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి సాయిల్ టెస్ట్ అంటే అన్నీ చూసినట్టే కదమ్మా?" అన్నారు. నూటికి తొంభై మంది అలాగే అనుకుంటారు, అలా అనుకునేలాగే మాట్లాడతారు అమ్మేవాళ్లు. అక్కడ ఏం చూడలేదో మొదటి పేజీలో రాసి ఉంటే ఆయన నా దాకా రావాల్సిన పనే ఉండేది కాదు.

చూసినా ఎంత చూస్తామో ఒక లెక్క చెప్తాను. పది మీటర్లకి ఒకటి చొప్పున గళ్లు గీసి, గడికో బోరు వేశామనుకుందాం. మన దగ్గర ఎవరూ అంత దగ్గరగా వేయరు, ఎకరానికి నలభై బోర్లు అవుతాయి. బోరు వెడల్పు పది సెంటీమీటర్లు. అంటే వంద చదరపు మీటర్ల నేలలో మనం చూసింది 79 చదరపు సెంటీమీటర్లు, పన్నెండు వేల భాగాల్లో ఒక భాగం కూడా కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చెప్పేస్తాం, ఎందుకంటే కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఒకే సెగ మీద ఉడికాయి. నేల అలా కాదు. పైపు ఎక్కడ పగిలిందో అక్కడే విషం దిగుతుంది, రెండు మీటర్లు పక్కకి జరిగితే ఆనవాలు కూడా ఉండదు.

రెండు మీటర్లు కూడా ఎక్కువే. కొలరాడోలో రాకీ ఫ్లాట్స్ అని అణుబాంబుల ప్లుటోనియం భాగాలు తయారు చేసిన కేంద్రం ఉండేది. ఆరుబయట పెట్టిన డ్రమ్ముల నుంచి ప్లుటోనియం కలిసిన నూనె కారి మట్టిలోకి పోయింది, గాలికి ఆ మట్టి లేచి చుట్టూ పడింది. 1989లో ఎఫ్‌బీఐ దాడి చేసింది, 2005లో శుభ్రం చేసే పని ముగిసిందన్నారు. 2019లో దాని అంచున రోడ్డు వేయడానికి మట్టి పరీక్షలు చేస్తే ఒక శాంపిల్‌లో గ్రాముకి 264 పికోక్యూరీల ప్లుటోనియం వచ్చింది, అక్కడి పరిమితి 50. అదే శాంపిల్‌లోని ఇంకో భాగాన్ని పరీక్షిస్తే 1.5 దాకానే వచ్చింది. ఒకే డబ్బాలోని మట్టి! కంటికి కనపడని ఒక్క ప్లుటోనియం రేణువు ఏ భాగంలో పడితే ఆ భాగం పరిమితిని దాటేస్తుంది. రెండో భాగం మాత్రమే లాబ్‌కి వెళ్లి ఉంటే ఆ చోటు శుభ్రం అని రాసేవాళ్లు, అబద్ధం ఆడకుండానే.

అబద్ధం ఆడిన కథ కూడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ నౌకా కేంద్రానికి 1946లో బికినీ దీవుల అణు పరీక్షల్లో రేడియోధార్మిక నీళ్లతో తడిసిన ఓడలని కడగడానికి తెచ్చారు, తర్వాత అక్కడే 1969 దాకా రేడియేషన్ పరిశోధన లాబ్ నడిచింది. ఆ నేలని ఇళ్ల కోసం శుభ్రం చేసే కాంట్రాక్టులో కొందరు, కలుషితమైన చోట తీయాల్సిన మట్టికి బదులు వేరేచోటి శుభ్రమైన మట్టిని శాంపిల్‌గా పంపారు. ఇద్దరు సూపర్‌వైజర్లు నేరం ఒప్పుకున్నారు, 2018లో ఎనిమిదేసి నెలల జైలు పడింది. ఈ మోసం గురించి అందరూ రాశారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే ఏడాది బయటపడ్డ ఇంకో సంగతి. అప్పటికే ఇళ్లు కట్టి జనం ఉంటున్న భాగంలో, గడ్డి కింద అడుగు లోతు కూడా లేని చోట, రేడియం పూసిన ఓడ డెక్కు బిళ్ల ఒకటి దొరికింది. ఆ భాగంలో రేడియోధార్మిక పనులు జరగలేదని పాత రికార్డులు చూసి తేల్చేసి, దాన్ని ముందే అప్పగించేశారు. అక్కడ ఎవరూ మట్టి మార్చలేదు. అక్కడ పూర్తిగా వెతకాలనే అనుకోలేదు, అంతే.

రికార్డుల్లో లేనిది మనుషులకి గుర్తుంటుంది. నా అనుభవంలో, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగుల ప్రకారం బోర్లకి గుర్తులు పెడుతుంటే, అక్కడే ముసలివాడైపోయిన వాచ్‌మన్ తాత వచ్చి, వానాకాలంలో ఆ వెనక మూల నీళ్లు పసుపు రంగులో నిలిచేవి అని తమిళంలో చెప్పాడు. డ్రాయింగులో ఆ మూల ఖాళీ స్థలం. క్రోమియం ఎక్కువగా దొరికింది ఆ మూలే. హ్యాన్‌ఫర్డ్‌లో కూడా 1986లో ఒలికిన సంగతి లోపలివాళ్లకి తెలిసిన విషయమే. బోర్లు ఎక్కడ వేయాలో నిర్ణయించే రోజు రిటైరైన కార్మికులని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లని కూర్చోబెట్టి అడగడం ఒక మర్యాద కోసం చేసే పని కాదు, అది పరిశోధనలో మొదటి పని.

ఇలా ఖాళీలన్నీ బయటపెడితే జనం భయపడతారు, భూమి ధర పడిపోతుంది అంటారు. ఆఫీసులో నాతో కూడా అన్నారు. నేను చూసినంతవరకు జనం భయపడేది తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పి, పదేళ్ల తర్వాత మాట మార్చినప్పుడు. హ్యాన్‌ఫర్డ్‌లోనే 324 భవనం ఉన్న ప్రాంతంలో యురేనియం కలిసిన భూగర్భజలం గురించి 1996లో ఒక నిర్ణయం తీసుకున్నారు, పై మట్టి తీసేస్తే కొన్నేళ్లలో అది తనంతట తానే తగ్గిపోతుందని. తగ్గలేదు. నది పొంగినప్పుడు నీటిమట్టం లేచి, నది తగ్గినప్పుడు దిగే ఆ మధ్య పొరలో యురేనియం ఉండిపోయింది, నీళ్లు లేచినప్పుడల్లా కొంత కరిగి బయటికి వస్తోంది. ఆ పొరని ముందు సరిగ్గా చూడలేదు. చెన్నైలో నీటిమట్టం కొన్ని మీటర్ల లోతులోనే ఉంటుంది, ఐప్పసి, కార్తిక (అక్టోబరు-డిసెంబరు) వానలకి లేస్తుంది, ఎండాకాలం దిగిపోతుంది. మే నెలలో తీసిన ఒక్క శాంపిల్‌తో ఇక్కడ ఏ స్థలానికైనా సర్టిఫికెట్ ఇవ్వడం నాకు మింగుడు పడదు.

ఖర్చు పెరుగుతుందనే మాట నిజం, పెరుగుతుంది. కానీ నేను అడిగేదాంట్లో ఎక్కువ భాగానికి పైసా అక్కర్లేదు. బోరు వేయని జాగాకి మ్యాపులో అడ్డగీతలు గీసి కారణం రాయండి: పైన భవనం ఉంది, యజమాని ఒప్పుకోలేదు, డబ్బు చాలలేదు, ఏదైతే అది. ప్రతి బోరు ఆగిన లోతు రాయండి. వెతకని పదార్థాల పేర్లు రాయండి.

2025 జులైలో మన దేశంలో కలుషిత స్థలాల కోసం ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి. ఎన్నాళ్లుగానో కావాల్సినవి. కానీ రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల తవ్వకం వాటి పరిధిలోకి రావు, వాటికి వేరే చట్టాలు ఉన్నాయన్నారు. అంటే కడప జిల్లా తుమ్మలపల్లె లాంటి చోటుకి ఈ నియమాలు వర్తించవు. అక్కడ యురేనియం గనీ ఉంది, ఖనిజాన్ని క్షార పద్ధతిలో కరిగించే ప్లాంటూ ఉంది, వ్యర్థాలు నింపే చెరువూ ఉంది. కార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షార నీళ్లలో యురేనియం మట్టిని వదిలేసి నీళ్లతో సులువుగా నడుస్తుంది, ఇది రసాయన శాస్త్రం, రాజకీయం కాదు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోరునీళ్ల గురించి, తోటల గురించి ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. ఆ ప్రాంతపు రాళ్లలోనే యురేనియం ఉంది కాబట్టి నీళ్లలో కొంత సహజంగానే ఉంటుందన్న వాదన కొట్టిపారేసేది కాదు, అందుకే పని మొదలవకముందు తీసిన కొలతలు అంత ముఖ్యం. ఆ కొలతలు ఏ బోర్లలో, ఏ లోతులో, ఏ నెలలో తీశారు, ఇప్పుడు చెరువు చుట్టూ ఉన్న పరిశీలన బావులు ఎంత లోతు, రెండు బావుల మధ్య ఎంత దూరం వదిలేశారు, వదిలేసినవైపు ఎవరి పొలాలు ఉన్నాయి, ఇవన్నీ తెలుగులో రాసి ఆ ఊళ్ల పంచాయతీ ఆఫీసు గోడకి అంటించమని అడుగుతున్నాను. గని ఒకరోజు మూతపడుతుంది, అప్పుడు ఆ నేల కింద వెతకడానికి వచ్చేవాళ్లకి మొదట కావాల్సిన కాగితం అదే.